మందకు నాలుగు హద్దులు

నలభై ఏళ్లలో ఎవరూ అడగని ప్రశ్నను ఆ ఎండాకాలం పూలమ్మ అడిగింది.

"కొమురన్నా, నీ గొర్లకు నంబరున్నదా?"

తలపాగా విప్పి చెమట తుడుచుకుంటున్న కొమురెల్లి చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. ఆయన ఆగేసరికి మందా ఆగింది. నూట ఎనభై గొర్రెలు, నాలుగు మేకలు, వాటి వెనక హవల్దారు అనే కుక్క.

"నంబరేంది చెల్లె? ఒక్కోదానికి పేరే ఉన్నది."

"పేరు గాదే, నంబరు గావాల్నట. నంబరు లేని ఎరువు చేన్ల ఎయ్యద్దట. నా కాయితం వాపసొచ్చింది."

పరకాల అవతల నాగులకుంట అనే ఊరు. అక్కడ పూలమ్మకు మూడెకరాల మిరప చేను. ఏటా కాయ ఏరడం అయిపోయి చేను ఖాళీ అయ్యాక కొమురెల్లి తన మందను తోలుకొచ్చి ఆ చేన్లో మూడు రాత్రులు పడుకోబెడతాడు. పడుకున్నంత మేరా పెంటికలు రాలతాయి, ఉచ్చ ఇంకుతుంది. మృగశిర వానకు అదంతా నేలలో కలిసిపోతుంది. ఆ నేలమీద పూలమ్మ చపాట మిరప బుగ్గలు పొంగించుకుని ఎర్రగా కాస్తుంది. అందుకని పూలమ్మ గింజలు కొలుస్తుంది. తర్వాత పక్క చేను, ఆ పక్క చేను. నాగులకుంటలో అలా తొమ్మిది మంది రైతులు. ఆ తొమ్మిది చేన్ల గింజలే కొమురెల్లి ఇంట్లో వానాకాలమంతా కూడు. ఆయనకు సొంత భూమి గుంట కూడా లేదు. తండ్రి చచ్చిపోతే పూడ్చడానికి పరాయివాళ్ల గట్టు అడుక్కున్న మనిషి.

"అందరం మాట్లాడుకున్నం అన్నా," అంది పూలమ్మ నేలచూపులు చూస్తూ. "నంబరు తెస్తే మంద పెట్టు. లేకుంటే ఈ యేడు ఒద్దు. నాకు మనసొప్పుత లేదు గని, తొమ్మిది మంది కాయితాలు ఆగుతయి."

మృగశిర కార్తెకు అప్పటికి ముప్పై రోజులుంది. వాన పడిందంటే దుక్కులు మొదలు, ఇక ఏ చేన్లోనూ మందకు చోటుండదు. ముప్పై రోజుల్లో గొర్రెలకు నంబరు తెచ్చుకోవాలి, లేదా వానాకాలం పస్తులుండాలి. సంగతి అంతే.

ఈ గొడవ ఎక్కడ మొదలైందో కూడా చెప్పాలి. పశ్చిమ జర్మనీలో ఎవరో కంపెనీవాళ్లకు, యూరియా వేయని, పురుగుమందు కొట్టని మిరపకాయ తినాలని కోరిక పుట్టింది. కోరిక మంచిదే. దానికోసం హన్మకొండలో నిర్విష పంటల ధ్రువీకరణ సంఘం అని ఒకటి వెలిసింది. మొదట్లో రైతులు ఎవరికి తోచినట్టు వాళ్లు రాసిచ్చారు. ఒకాయన పెళ్లిపత్రిక వెనక తన ఏడు తరాల సేద్యం రాశాడు. ఇంకొకాయన కాగితమే తేలేదు, ఇద్దరు సాక్షులను తెచ్చి ఆఫీసు మెట్లమీద సాయంత్రం దాకా కూర్చోబెట్టాడు. మరొకాయన తట్టెడు మట్టి పంపి, నమ్మకం లేకపోతే నాకి చూసుకోండి అని కబురు పెట్టాడు. జర్మనీవాళ్లు బెదిరిపోయి, కాగితాలన్నీ ఒకే తీరుగా ఉంటే తప్ప మిరపకాయ ముట్టుకోమని ఉత్తరం రాశారు.

సంఘం కార్యదర్శి కిషన్ రావు ఆ ఉత్తరాన్ని కళ్లకద్దుకున్నాడు. ముప్పై రెండేళ్లు భూములు కొలిచే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. కొలవడానికి ఏమీ లేక ఇంట్లో బిక్కచచ్చి కూర్చున్నవాడికి ప్రాణం లేచొచ్చింది. రాత్రింబవళ్లు కూర్చుని ముప్పై రెండు గళ్ల ఫారం ఒకటి తయారు చేశాడు. ఐదువేల కాపీలు అచ్చు వేయించాడు. ఆఫీసు గోడమీద ఎర్ర సిరాతో మూడు ముక్కలు రాయించాడు: ఫారం ఒక్కటే. గడి ఖాళీగా ఉండరాదు. 'వర్తించదు' అని రాయరాదు.

అందులో పదిహేడో గడి, ఎరువు ఎక్కడి నుంచి వచ్చింది, దాని ధ్రువీకరణ నంబరు ఎంత అని. అక్కడ పూలమ్మ కొమురెల్లి గొర్రెలు అని రాయించింది. నంబరు దగ్గర ఏం రాయాలో ఆమెకేం తెలుసు?

మర్నాడు కొమురెల్లి మందను తమ్ముడికి అప్పజెప్పి, గొంగడి భుజాన వేసుకుని హన్మకొండ బస్సెక్కాడు. సంఘం ఆఫీసు సైకిలు షాపు మీద మేడగది. గదిలో ఫారాల కట్టలు, కట్టల మధ్య ఒక టైపు మిషను, మిషను వెనక జమాలుద్దీన్. ఉర్దూ మీడియంలో చదువుకుని, ఉద్యోగం కోసం తెలుగు టైపు నేర్చుకున్న కుర్రవాడు.

"ఏం పని మామా?"

"గొర్లకు నంబరు గావాలె సాబ్."

జమాలుద్దీన్ నవ్వలేదు. ఆ ఆఫీసులో మూడు నెలలు పనిచేశాక నవ్వు రావడం మానేసింది. లోపలికి వెళ్లి అడిగి, కిషన్ రావును వెంటబెట్టుకుని బయటికొచ్చాడు. కిషన్ రావు చేతిలో చెక్క స్కేలు ఉంది. ఆయన దాన్ని భోజనం చేసేటప్పుడు కూడా పక్కనే పెట్టుకుంటాడని వినికిడి.

"సార్, గిది భూమి ఫారం. గొర్లకు వేరే ఫారం ఒకటి కొట్టాల్నా?" అన్నాడు జమాలుద్దీన్.

"వేరే ఫారమా?" కిషన్ రావు స్కేలు గోడవైపు చూపించాడు. "గోడమీద ఏముంది? ఫారం ఒక్కటే. గొర్రెలకు ఒకటి పెడితే రేపు బర్రెలకు ఒకటి అడుగుతారు, ఎల్లుండి వానపాములకు అడుగుతారు. ఉన్న ఫారంలోనే నింపు."

"గొర్లు భూమి గాదు గద సార్."

"ఎరువు నేలకు చేరుతున్నదా లేదా? చేరుతున్నది. మరి అది కూడా సాగులో భాగమే. భూమి కిందనే రాయి."

అలా కొమురెల్లి గొర్రెలు భూమి అయ్యాయి.

మొదటి గడి, రైతు పేరు. కొమురెల్లి చేతులు జోడించాడు. "నేను రైతును గాదు సాబ్. గొర్లు కాసుకునేటోణ్ని."

"ఖాళీ ఉంచితే ఫారం చెల్లది మామా. ఫికర్ చెయ్యకు, నీ పేరే రాస్తాన."

విస్తీర్ణం అడిగాడు. కొమురెల్లి, మేసేటప్పుడు అడుగుతున్నావా పడుకున్నప్పుడు అడుగుతున్నావా అని తిరిగి అడిగాడు. మేస్తే రెండెకరాల పైచిలుకు, పడుకుంటే నాలుగు గుంటలు, కుక్క మొరిగితే ఇంకా తక్కువ. లోపలి నుంచి కిషన్ రావు కేకేశాడు, ఉన్న భూమిని తగ్గించి చూపడం నేరమని. రెండెకరాల పది గుంటలు అని పడింది.

నేల రంగు? సగం నలుపు, సగం ఎరుపు. వాలు ఎటు? నీళ్లు ఎటుంటే అటు. పంట ఏమిటి? ఉన్ని, ఏడాదికి రెండు కోతలు. పక్క పొలాల మందు మీద పడకుండా అడ్డం ఏముంది? హవల్దారు.

"కలుపు ఉన్నదా?"

"కలుపంటే?"

"నువ్వు పెట్టంది. దానంతటదే వచ్చి నడుమల పెరిగేది."

కొమురెల్లి నిజాయితీ గలవాడు. "నాలుగు మేకలున్నయి సాబ్."

జమాలుద్దీన్ రాసుకున్నాడు. కలుపును మందు కొట్టకుండా చేత్తోనే తీయాలని, తీసి గట్టు మీద పెట్టాలని నియమం చదివి వినిపించాడు. ఆ రోజునుంచి కొమురెల్లి మేకలు మందకు పాతికడుగుల దూరంలో, గట్టు మీద నడవాల్సి వచ్చింది.

అంతా బాగానే నడిచింది గానీ నాలుగు హద్దుల దగ్గర బండి ఆగింది. తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం. మంద ఈరోజు ఒకచోట ఉంటుంది, రేపు ఇంకోచోట. ఏ హద్దు చెప్పాలి? కిషన్ రావు దానికీ దారి చూపించాడు. పరిశీలకుడు వచ్చి చూసిన రోజు ఎక్కడుంటే అవే హద్దులు. అయితే పరిశీలకుడి జీపుకు బ్యాటరీ పోయింది. జీపు వరంగల్ దాటదు.

"నువ్వే భూమిని తీసుకురా," అన్నాడు కిషన్ రావు. "ఇన్నేళ్ల సర్వీసులో ఏ రైతూ తన భూమిని ఆఫీసు దగ్గరికి తేలేకపోయాడు. నీకు ఆ సౌకర్యం ఉంది."

కొమురెల్లి ఊరికి పోయి, మందను తోలుకుని మూడు రోజులు నడిచి ఖిలా వరంగల్ చేరాడు. మట్టికోట లోపల గడ్డి ఉంటుంది, కందకంలో నీళ్లుంటాయి. గోపాల్ అనే పరిశీలకుడు సైకిలు మీద వచ్చాడు. క్యారియరుకు ఇనుప గొలుసు, హ్యాండిలుకు మట్టి సీసా. ఎవరేది చెప్పినా అలాగే చేసి సంతకం పెట్టే మంచి మనిషి.

హద్దులు ఇట్టే తేలాయి. తూర్పున రాతి తోరణం, పడమర మట్టికోట గోడ, ఉత్తరాన కందకం, దక్షిణాన చాంద్ పాషా సీతాఫలం తోట. కొలతే కుదరలేదు. గోపాల్ గొలుసు విప్పగానే ఆ గలగలకు గొర్రెలు బెదిరి నాలుగు దిక్కులకూ పరిగెత్తాయి. భూమి చూస్తుండగానే ఐదెకరాలైంది. హవల్దారు మొరిగింది, భూమి మూడు గుంటలైంది. గోపాల్ గొలుసు పట్టుకుని ఎండలో పరిగెత్తుతూ, "భూమిని ఆపవయ్యా! ఒక్క నిమిషం భూమిని ఆపు!" అని అరిచాడు. అరగంట తర్వాత గొలుసు నేలకేసి కొట్టి, ఫారంలో ఉన్న రెండెకరాల పది గుంటలే సరైనదని నిర్ధారించాడు.

మట్టి నమూనా ఆరంగుళాల లోతునుంచి తీయాలి. గోపాల్ ఒక పొట్టేలును పట్టుకుని వీపుమీద ఉన్ని పాయలు తీసి వేలు పెట్టి చూశాడు. రెండంగుళాలు దాటలేదు. పొట్టేలు ఆయన్ను ఒక్కటి కుమ్మి వెళ్లిపోయింది. చివరికి కింద రాలిన పెంటికలే సీసాలో నింపుకున్నాడు.

వీళ్ల పిచ్చి పాడుగానూ అని కొమురెల్లి మనసులో అనుకున్నాడు. అనుకుంటూనే, గోపాల్ వెళ్లాక, తోరణం నుంచి గోడదాకా ఒకసారి కళ్లతో కొలుచుకున్నాడు.

రెండు రోజుల తర్వాత పత్రం చేతికొచ్చింది. జమాలుద్దీన్ నిలబడి చదివాడు. "రైతు పేరు కొమురెల్లి. తండ్రి పేరు ఉప్పలయ్య. భూమి రెండెకరాల పది గుంటలు. నంబరు నూట పద్దెనిమిది."

"మల్లొక్కసారి సదువు సాబ్."

జమాలుద్దీన్ మళ్లీ చదివాడు. మూడోసారి కూడా చదివించుకున్నాడు కొమురెల్లి. అది భూమి కాదని ఆయనకు తెలియదా? బాగా తెలుసు. బయట సైకిలు షాపు పక్కన తన భూమి పడుకుని నెమరు వేస్తోంది. అయినా తండ్రి పేరు ఒక కాగితం మీద, భూమి అనే మాట పక్కన, అచ్చక్షరాల్లో ఉంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లలో పడి, జమాలుద్దీన్ చివర్న చదివిన నియమం ఆయన చెవికెక్కలేదు. 'ధ్రువీకరించిన హద్దులు మార్చరాదు' అని.

మూడు రోజులు నడిచి నాగులకుంట చేరాడు. పూలమ్మ పత్రం చూసి, "భూమున్నోనివి అయితివి గదనే అన్నా!" అని నవ్వింది. నూట పద్దెనిమిది తన పదిహేడో గడిలో రాయించి ఫారం పంపింది. మంద ఆమె చేన్లో పడుకుంది. ఒక రాత్రి, రెండు రాత్రులు, మూడు. నాలుగో పొద్దున మంద పక్క చేన్లోకి కదలబోతుండగా గోపాల్ బస్సు దిగి ఎండలో నడుచుకుంటూ వచ్చాడు. చేతిలో రెండు నోటీసులు, పూలమ్మకొకటి, కొమురెల్లికొకటి. ఆయనే చదివాడు.

"నంబరు నూట పద్దెనిమిది భూమి ఖిలా వరంగల్ నుంచి కదిలి వచ్చి, నంబరు నలభై ఒకటి భూమి మీద పడి ఉన్నట్టు పదిహేడో గడి ద్వారా కార్యాలయం దృష్టికి వచ్చింది. ఒకే చోట రెండు భూములు ఉండరాదు. విచారణ తేలే వరకు రెండింటిలో ఏ భూమీ కదలరాదు."

"నా చేను యాడికి కదుల్తది?" అంది పూలమ్మ.

"మీది కదలదు. ఆయనదే కదలరాదు," అన్నాడు గోపాల్, అదీ నిజమే అన్నట్టు తల ఊపుతూ.

"మేతకన్న పోవాలె గద సారూ?" కొమురెల్లి అడిగాడు.

గోపాల్ నోటీసు తిరగేసి చూశాడు. "భూమి మేతకు పోతుందని ఎక్కడా లేదు."

నవ్వండి, తప్పులేదు. నాగులకుంటలో మాత్రం రెండో రోజుకు నవ్వు ఆగిపోయింది. కదిలితే తొమ్మిది మంది కాగితాలూ రద్దని నోటీసు కింద చిన్న అక్షరాల్లో ఉంది. అందుకని రైతులే మోపుల కొద్దీ గడ్డి మోసుకొచ్చి మంద ముందు పడేశారు. నీళ్లు బిందెలతో పోశారు. ఎంత తెచ్చినా చాలలేదు. నడిచి మేసే జీవాలు నిలబడి తినలేక ఒకదాన్నొకటి కుమ్ముకున్నాయి. రెండు గొర్రెపిల్లలు నీరసించి పడిపోయాయి. ఒకేచోట రోజుల తరబడి పెంట పడి, పూలమ్మ చేన్లో ఆ మూల మట్టి ఘాటెక్కింది. మూడు రాత్రులైతే బలం, వారం రోజులైతే విషం, ఆ సంగతి కొమురెల్లికి నోటీసు రాసినవాడికంటే బాగా తెలుసు. మిగతా ఎనిమిది మంది గట్టు మీద నిలబడి తమ ఖాళీ చేన్లకేసి, ఆకాశంకేసి మార్చి మార్చి చూశారు.

"అన్నా, నీ భూమి నా భూమిని కాలపెడ్తాంది," అంది పూలమ్మ నాలుగో రోజున. ఆ మాటలో కోపం లేదు, అదే కొమురెల్లికి ఎక్కువ బాధ కలిగించింది. మృగశిరకు పదకొండు రోజులుంది.

ఆ మధ్యాహ్నమే ఇద్దరూ కలిసి హన్మకొండ వెళ్లారు. కిషన్ రావు విచారణ అంటే విచారణే చేశాడు. బల్లమీద గుడ్డ వేయించాడు. నక్షా ఒకటి గీయించి పెట్టాడు. అందులో పూలమ్మ చేను నల్ల సిరాతో, దాని మీద కొమురెల్లి భూమి ఎర్ర సిరాతో.

"పైన ఉన్న భూమి ఎవరిది?"

"నాదే సార్," అన్నాడు కొమురెల్లి.

"కింద ఉన్నది?"

"నాది," అంది పూలమ్మ.

"అంటే ఈయన భూమి నీ భూమిని ఆక్రమించింది. ఒప్పుకుంటావా?"

"ఆక్రమించుడేంది సార్, నేనే రమ్మన్న. ఏటేటా వస్తది."

"ఏటా ఆక్రమిస్తున్నాడా!" కిషన్ రావు స్కేలు కింద పెట్టేశాడు. దుర్మార్గుడేం కాదాయన. ఒకరి భూమి ఇంకొకరి భూమి మీదికి రాకుండా చూడటానికే ముప్పై రెండేళ్లు ఖర్చు పెట్టిన మనిషి, అందుకే నిజంగా బాధపడ్డాడు. "చూడు కొమురెల్లీ. దారి ఒక్కటే. నీ భూమిని తోలుకుపోయి మళ్లీ ఆ నాలుగు హద్దుల్లో పెట్టు. అక్కడే ఉంచు. ఎవరూ నిన్ను ఏమీ అనరు."

"ఎన్ని రోజులు సార్?"

"భూమి కదా. ఎప్పటికీ."

కొమురెల్లి మొలలోంచి నూట పద్దెనిమిది పత్రం తీశాడు. చెమటకు తడవకుండా మోదుగాకుల్లో చుట్టి పెట్టుకున్నాడు దాన్ని. ఆకులు విప్పి, మడతలు సాపు చేసి, గుడ్డ పరిచిన బల్లమీద పెట్టాడు.

"రద్దు చెయ్యుండ్రి."

"చేతికొచ్చిన భూమిని వదులుకుంటావా?" కిషన్ రావు గొంతులో నిజంగానే జాలి ఉంది. "మళ్లీ రాదు."

"ఎరుకే సార్."

రద్దుకు కూడా ఫారం అదే. ముప్పై రెండో గడిలో కారణం రాయాలి. అచ్చులో మూడే కారణాలున్నాయి: అమ్మినాను, వరదలో మునిగింది, వారసులకు పంచినాను. జమాలుద్దీన్ మూడూ చదివి, ఏది రాయమంటావు మామా అన్నాడు. కొమురెల్లి అమ్మలేదు. మునగలేదు. పంచడానికి ఎవరున్నారు?

"నడుస్తదని రాయి సాబ్. నా భూమి నడుస్తది."

జమాలుద్దీన్ కార్యదర్శి వైపు చూశాడు. కిషన్ రావు రాయమన్నట్టు చెయ్యి ఊపాడు. తర్వాత పూలమ్మ ఫారం ముందుకు లాక్కుని పదిహేడో గడిలో నూట పద్దెనిమిదిని స్కేలు పెట్టి అడ్డంగా కొట్టేశాడు.

"నంబరు లేని ఎరువు రికార్డులో ఎరువు కాదు. ఎరువు ఏదీ వేయలేదని రాయి. తొమ్మిది ఫారాల్లోనూ అలాగే రాయి. ఇక అభ్యంతరం లేదు."

పూలమ్మకు ఒళ్లు మండింది. "గీ మాటే మొదలు రాస్తె అయిపోవు గద సార్! నెల రోజులు మమ్ములను గోస పెడితిరి!"

"మొదట ఉందో లేదో మాకు తెలియదమ్మా," అన్నాడు కిషన్ రావు ఓపిగ్గా. "విచారణ చేశాం. లేదని తేలింది."

ఆ సాయంత్రమే మంద కదిలింది. ఎనిమిది చేన్లు, చేనుకు ఒక్క రాత్రి. మేకలు మళ్లీ మందలో కలిశాయి. రెండు పిల్లల్లో ఒకటి బతికింది. చివరి చేన్లోంచి మంద లేచిన నాడే ఆకాశం నల్లబడింది. రైతులు నాగళ్లు సరిచేసుకున్నారు. కొమురెల్లి వానాకాలం కూడు నిలబడింది. ఆయన కోరుకున్నదీ అదే కదా.

వాన ఇంకా పడకముందే, గింజలు కొలిచే రోజున జమాలుద్దీన్ తొమ్మిది పత్రాలు సంచిలో పెట్టుకుని నాగులకుంట వచ్చాడు. పూలమ్మ చేన్లో అందరూ చేరారు. ఆమె తన పత్రం జమాలుద్దీన్ కే ఇచ్చి పైకి చదవమంది.

"రైతు పేరు పూలమ్మ. భూమి మూడెకరాలు. రసాయనాలు లేవు. ఎరువు ఏదీ వేయలేదు. ఈ నేల తనంతట తానే బలమైనదని ధ్రువీకరించడమైనది."

అందరూ సంతోషపడ్డారు. చప్పట్లు కొట్టినవాళ్లు కూడా ఉన్నారు. కొమురెల్లి ఆ నేలమీదే, మడమలదాకా తన గొర్రెల పెంటికల్లో నిలబడి విన్నాడు.

"సాబ్, జర నా పేరు యాడన్న ఉన్నదేమో సూడు."

తానే టైపు కొట్టిన కాగితం. అయినా జమాలుద్దీన్ దాన్ని ముందుకూ వెనక్కూ తిప్పి చూశాడు. "లేదు మామా. పేరుంటే మందను కదలనియ్యరు."

కొమురెల్లి తలూపాడు. నలభై ఏళ్లు ఏ కాగితంలోనూ ఆయన పేరు లేదు, ఒక్కనాడూ బాధ కలగలేదు. ఇప్పుడు మాత్రం కలిగింది. పూలమ్మ గింజల కుంచం ఎత్తి, సంచి పట్టమంది. ఆయన పట్టలేదు.

"ఎరువు ఎయ్యలేదని రాసిచ్చిండ్రు గద చెల్లె. మల్ల గింజలెందుకు?"

పూలమ్మ కుంచం దించలేదు. ఆమె కళ్లు ఎర్రబడ్డాయి.

"ఆ కాయితం జర్మనోళ్లకు. గింజలు నీకు. నా చేను ఎట్ల పండుతదో నాకెరుక లేదా? సంచి పట్టు అన్నా, చేతులు గుంజుతానయి."

కొమురెల్లి సంచి మూతి పట్టుకున్నాడు. మూతి సరిగా విప్పకముందే పూలమ్మ వంపడంతో మొదటి కుంచంలో సగం కిందే పోయాయి. ఆ గింజల కోసం ముసలి గొర్రె ఒకటి మనుషుల మధ్యలోకి తోసుకుంటూ వచ్చింది. తాపీగా గింజలు తింటూ, పత్రం పట్టుకున్న జమాలుద్దీన్ కాళ్ల దగ్గర గుప్పెడు పెంటికలు రాల్చింది. జమాలుద్దీన్ మర్యాదగా ముఖం పక్కకు తిప్పుకున్నాడు.